తలూపుడు బంద్ చేద్దాం: ఒక పాత లాప్‌టాప్ సంగతి

పోస్టు పొడుగ్గా ఉంటది, జర ఓపికతో చదవండి.

మొన్న మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, లాప్‌టాప్ ఆన్ చేస్తే నల్ల స్క్రీనే వస్తున్నది. దుకాణంల మదర్‌బోర్డ్ పోయింది, 7,000 అయితదంటున్నరు. ఏం చెయ్యాలె?" కింద పద్నాలుగు జవాబులు వచ్చినయి. పదకొండు మంది "అమ్మేయ్ తమ్మీ, ఇంకోటి కొనుక్కో" అన్నరు. మిగిలిన ముగ్గురు దండం బొమ్మ పెట్టిన్రు. స్క్రీన్ మీద ఏమన్న రాసి ఉన్నదా, ఫ్యాన్ తిరుగుతున్నదా అని ఒక్కరు అడగలేదు.

మేం నలుగురం ఒకే హాస్టల్ రూంల ఉంటం. డిగ్రీ రెండో సంవత్సరం. నలుగురి ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఈ సంక్రాంతి సెలవులు అయినంక ఇదే ప్రశ్న మాది కూడా. అందుకే రాస్తున్నం. మా అభిప్రాయం ముందే చెప్తం: మనకు కంప్యూటర్ రాక నష్టం అయితలేదు. అర్థం కాకున్నా "ఆ, సరే" అని తలూపే అలవాటు వల్ల నష్టం అయితున్నది. ఆ తలూపుడు మా రూంల ఏం పోగొట్టిందో దాచుకోకుండా చెప్తం.

మా రూంల ఉన్నది ఒకటే లాప్‌టాప్. మాలో ఒకని బాపు పత్తి అమ్మిన పైసలల్ల 11,000 తీసి, సెకండ్ హ్యాండ్‌ది కొనిచ్చిండు. 2015 మోడల్, 4 జీబీ ర్యామ్, పాత రకం హార్డ్ డిస్క్. పేరుకు ఒకనిది, పని నలుగురిది. అసైన్‌మెంట్లు, స్కాలర్‌షిప్ అప్లికేషన్లు, జాబ్ నోటిఫికేషన్లు అన్నీ దాంట్లనే. విండోస్ 10 ఉండె. దానికి 2025 అక్టోబర్ 14తోటి కంపెనీ సపోర్టు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలె, కొత్త తరం ప్రాసెసర్ కావాలె. మా దాంట్ల ఆ రెండూ లేవు.

ఒకరోజు పొద్దున ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలల్ల ఒక్క వాక్యం వచ్చింది: "నో బూటబుల్ డివైస్". మేం దాన్ని చదవనన్న చదవలేదు. బ్యాగుల పెట్టుకొని దుకాణానికి పోయినం. ఆయన రెండు నిమిషాలు చూసి "మదర్‌బోర్డ్ పోయింది తమ్మీ, 6,500" అన్నడు. నలుగురం తలూపినం. బయటికొచ్చినంక "మదర్‌బోర్డ్ అంటే ఏందిరా?" అని ఒకరినొకరం అడుగుకున్నం.

ఇప్పుడు తెలుసు. ఆ వాక్యం రాసేది మదర్‌బోర్డ్ మీద ఉండే ప్రోగ్రామే. "నేను లేచిన, కానీ సిస్టం ఉన్న డిస్క్ నాకు కనబడుతలేదు" అని దాని అర్థం. సచ్చినోడు మాట్లాడడు కదా! మాట్లాడుతున్నదంటే బోర్డు బతికే ఉన్నది. ఆ ఒక్క వాక్యం మేం చదివి ఉంటే, దుకాణంల "అన్నా, బోర్డు పోతే ఈ అక్షరాలు ఎట్లొస్తున్నయే?" అని అడుగుదుము. ఆయన మోసం చేసిండని మేం అనం, తొందరల అన్నడేమో. కానీ అడగకపోవుడు మా తప్పు.

6,500 మా దగ్గర లేవు. అవి లేకపోవుడే మంచిదైంది. మా సీనియర్ అన్నకు ఫోన్ చేస్తే మూడు మాటలు చెప్పిండు. చార్జర్ తీసి, బ్యాటరీ విడదీసి, వెనుక మూత విప్పి హార్డ్ డిస్క్‌ను ఊడదీసి మళ్ళ గట్టిగ పెట్టుమన్నడు. తర్వాత పెన్‌డ్రైవ్‌ల లినక్స్ మింట్ వేసుకొని దానితోటి ఆన్ చేయుమన్నడు. ఆఖరికి "తొందరపడకున్రి" అన్నడు. మొదటి రెండు విన్నం, మూడోది వినలేదు.

తెలియని తమ్ముళ్ళ కోసం చెప్తం. లినక్స్ కూడా విండోస్ లెక్కనే కంప్యూటర్‌ను నడిపించేది, కానీ పైసలు కట్టే పని లేదు. 1991ల ఫిన్లాండ్‌ల హెల్సింకి యూనివర్సిటీల చదువుకునే లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిండు. అప్పుడు ఆయన వయసు 21, ఇంచుమించు మన వయసే. మింట్, ఉబుంటు, లుబుంటు అనేవి దాంట్ల రకాలు. మింట్‌ల ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకానికి కనీసం 2 జీబీ ర్యామ్ ఉండాలె, 4 ఉంటే హాయిగ నడుస్తది. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి, దోస్తు కంప్యూటర్ అరగంట ఉంటే చాలు. మింట్ సైట్‌ల ఫైలు దించుకొని రూఫస్ లేదా వెంటాయ్ అనే ఉచిత ప్రోగ్రాంతోటి పెన్‌డ్రైవ్‌కు ఎక్కించాలె. ఊరికె కాపీ చేసి పేస్ట్ చేస్తే ఆ పెన్‌డ్రైవ్‌తోటి ఆన్ కాదు. మేం మొదలు అదే చేసి ఒక సాయంత్రం పోగొట్టినం.

డిస్క్ గట్టిగ పెట్టి పెన్‌డ్రైవ్‌తోటి ఆన్ చేసినం. మింట్ తెర వచ్చింది! రూంల కేకలు. పక్క రూంలోళ్ళు కూడా ఉరికొచ్చిన్రు. హార్డ్ డిస్క్ కూడా కనిపిస్తున్నది. ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కినం. అది ఒక్కో ప్రశ్న అడుగుతున్నది, మేం "కంటిన్యూ", "కంటిన్యూ" నొక్కుకుంట పోతున్నం. ఒక దగ్గర "ఎరేజ్ డిస్క్" అని ఉండె. దాని కింద చిన్న అక్షరాలల్ల, మీ ఫైళ్ళన్నీ పోతయి అని కూడా రాసి ఉండె. అది కూడా నొక్కినం. దుకాణంల తలూపినట్టే.

సగంల "ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్" అని ఆగిపోయింది. అప్పుడు మా రూంమేట్ మెల్లగ అడిగిండు: "మా తాత పాటలు ఏడ ఉన్నయిరా?"

దీపావళికి ఊర్ల దండారి అప్పుడు వాళ్ళ తాత పాడినవి, కథలు చెప్పినవి ఫోన్‌ల రికార్డు చేసిండు. 23 రికార్డింగులు. ఫోన్ నిండిపోయిందని అన్నీ లాప్‌టాప్‌లకు మార్చి ఫోన్‌లవి తీసేసిండు. పుష్యమాసం రాకముందే తాత పోయిండు. ఆ గొంతు ఉన్నది ఆ డిస్క్‌ల ఒక్కదాంట్లనే. దాన్ని మేమే తుడిచినం.

బాధ ఏందంటే, పెన్‌డ్రైవ్‌తోటి ఆన్ అయిన మింట్‌ల ఏమీ ఇన్‌స్టాల్ చేయకముందే పాత ఫైళ్ళు తెరిచి చూడొచ్చు. ఇంకో పెన్‌డ్రైవ్ పెట్టి పది నిమిషాలల్ల కాపీ చేసుకోవచ్చు. ఆ పది నిమిషాలు మేం ఆగలేదు.

సీనియర్ అన్నకు మళ్ళ ఫోన్ చేసినం. తిట్టలేదు. "ఇగ ఆ డిస్క్ మీద ఏం రాయకున్రి, ముట్టకున్రి" అన్నడు. తుడిచిన డిస్క్‌ల, కొత్తగ ఏదీ రాయని చోట పాత ఫైళ్ళ జాడ మిగిలి ఉంటదంట. ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం దాన్ని వెతికి తీస్తది. తీసినవి అదే డిస్క్‌ల కాదు, వేరే డిస్క్‌ల దాచుకోవాలె. సార్‌ను అడిగి ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చుకొని రాత్రంత నడిపించినం. ఇన్‌స్టలేషన్ సగంల ఆగిపోవుడే మా అదృష్టం. పేర్లు లేకుండ, వరుస లేకుండ 9 రికార్డింగులు దొరికినయి. అందుల 3 నడుమ తెగిపోయినయి. మిగిలిన 14 రాలేదు. మా రూంమేట్ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు అనిపించింది.

ఆ తెల్లారి ఒక 40 పేజీల నోట్‌బుక్ కొన్నం. ఇగ మీద మూడు రూల్స్ పెట్టుకున్నం. ఒకటి, ముందు కాపీ, తర్వాతే ఏదైనా. రెండు, స్క్రీన్ మీద ఏం వచ్చినా ఉన్నది ఉన్నట్టు నోట్‌బుక్‌ల రాసి, అర్థం తెలిసినంకనే నొక్కాలె. మూడు, ఒకసారి ఒక్కటే మార్చాలె. నాలుగు కలిపి మారిస్తే ఏది బాగు చేసిందో, ఏది చెడగొట్టిందో తెలువది.

ఆ నోట్‌బుక్‌ల రాసుకున్నవి మీకూ పనికొస్తయని ఇక్కడ పెడుతున్నం.

డిస్క్ సంగతి: మింట్‌ల "డిస్క్స్" అనే ప్రోగ్రాం తెరిచి స్మార్ట్ వివరాలు చూస్తే డిస్క్ ఆరోగ్యం కనిపిస్తది. మా దాంట్ల చదవలేని భాగాలు చాలా ఉండె. మొదటి రోజు డిస్క్ దొరకకపోవుడు, తర్వాత నడుమల ఆగిపోవుడు రెండూ అందుకే. నలుగురం పైసలు వేసుకొని 2,400కు 240 జీబీ ఎస్ఎస్‌డీ కొన్నం. చిన్న స్క్రూడ్రైవర్‌తోటి మేమే బిగించినం. పాత లాప్‌టాప్‌కు ఇంతకంటే మంచి వైద్యం లేదు. పావుగంట పట్టేది అర నిమిషంల ఆన్ అయితున్నది.

నల్ల స్క్రీన్: కొత్త డిస్క్ పెట్టి మళ్ళ పెన్‌డ్రైవ్‌తోటి ఆన్ చేస్తే ఈసారి మెనూ వచ్చి, తర్వాత నల్లగ అయ్యేది. కొన్ని గ్రాఫిక్స్ చిప్‌లతోటి ఇట్ల అయితది. మెనూల "కంపాటిబిలిటీ మోడ్" అనే వరుస ఎంచుకుంటే తెర వచ్చింది. ఆ వరుస లేని రకాలల్ల "నోమోడ్‌సెట్" అనే మాటను బూట్ లైన్‌ల చేర్చాలె. ఇన్‌స్టాల్ అయినంక "డ్రైవర్ మేనేజర్"ల సరైన డ్రైవర్ వేస్తే చాలు.

వైఫై: అంతా అయినంక వైఫై గుర్తే లేదు. చిప్ పాడైందనుకున్నం. టెర్మినల్‌ల ఎల్, ఎస్, పీ, సీ, ఐ అనే అయిదు అక్షరాలు కలిపి కొడితే లోపల ఏ చిప్‌లు ఉన్నయో వరుసగా చూపిస్తది. వైఫై చిప్ పేరు అందుల ఉన్నది. అంటే చిప్ బాగనే ఉన్నది, డ్రైవర్ లేదు. డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలె, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలె. దీనికి తాళంచెవి మన జేబులనే ఉన్నది. ఫోన్‌ను చార్జింగ్ వైర్‌తోటి లాప్‌టాప్‌కు పెట్టి "యూఎస్‌బీ టెథరింగ్" ఆన్ చేసినం. వైఫై లేకున్నా నెట్ వచ్చింది. డ్రైవర్ మేనేజర్‌ల నొక్కితే డ్రైవర్ దిగింది.

నీలం తెర: డ్రైవర్ వేసేటప్పుడు అది ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమన్నది, పెట్టినం. మళ్ళ ఆన్ చేస్తే నీలం తెర వచ్చి ఏదో అడిగింది. చెయ్యి అలవాటు ప్రకారం మొదటి వరుస "కంటిన్యూ బూట్" నొక్కేసింది. వైఫై రాలేదు. రెండోసారి ఆగి చదివినం. సెక్యూర్ బూట్ ఆన్ ఉన్నప్పుడు, బయట నుంచి వేసిన డ్రైవర్‌కు మన అనుమతి కావాలె. ఆ తెర అడిగేది అదే. డ్రైవర్‌ను తీసేసి మళ్ళ వేసి, ఈసారి "ఎన్‌రోల్ మోక్" ఎంచుకొని ఆ పాస్‌వర్డ్ కొట్టినం. వైఫై వచ్చింది. తుడిచిన పాటల తర్వాత కూడా మా చెయ్యి తలూపుడు మరువలేదు చూడండి. అలవాటు అంత గట్టిది.

తేదీ: ఆన్ చేసినప్పుడల్లా తేదీ, టైం సరిగా లేదని చెప్పేది. తేదీ తప్పు ఉంటే బ్రౌజర్ మంచి వెబ్‌సైట్లను కూడా సురక్షితం కాదంటది. వైరస్ కాదు, లోపల బొత్తాం లాంటి చిన్న బ్యాటరీ అయిపోయింది. 50 రూపాయలు.

ఖర్చు మొత్తం 2,450. నాలుగు భాగాలు చేస్తే మనిషికి 612 రూపాయల చిల్లర. ఆ లాప్‌టాప్ మీదనే ఈ పోస్టు రాస్తున్నం.

ఇగ మేం అనుకుంటున్న మాట. తలూపుడు మనం లాప్‌టాప్ దగ్గర నేర్చుకోలేదు. బాపు పత్తి మార్కెట్‌ల తేమ ఎక్కువున్నదని కోత పెడితే తలూపుతడు. బ్యాంకుల కాగితం మీద వేలిముద్ర అడిగితే అవ్వ తలూపుతది. మనం కాలేజీకి వచ్చి క్లాసుల "అర్థమైందా?" అంటే తలూపుతం. అడిగితే నవ్వుతరు, ఊరోడు అంటరు, అడవి నుంచి వచ్చిండంటరు అని భయం. ఆ భయం ఊరికె రాలేదు, నిజంగ నవ్వినోళ్ళు ఉన్నరు. కానీ కంప్యూటర్ నవ్వదు. వందసార్లు తప్పు చేసినా అదే మాట అంతే ఓపికగ చెప్తది. అడుగుడు, చదువుడు, ఆగుడు ప్రాక్టీసు చెయ్యనీకి దీనికంటే మంచి జాగ ఏమున్నది? ఈడ అలవాటైతే రేపు ఆఫీసుల కూడా "సార్, ఈ లైన్‌కు అర్థం ఏంది?" అని నోరు లేస్తది.

కొందరు అన్నలు అంటరు: "ఇవన్నీ మనకెందుకు, విండోస్ వస్తే జాబ్ వస్తది." అందుల నిజం లేకపోలేదు. కొన్ని ఆన్‌లైన్ పరీక్షల ప్రోగ్రాంలు, టాలీ, ఆటోక్యాడ్, డీటీపీల వాడే అను ఫాంట్ల టైపింగ్ లాంటివి లినక్స్ మీద నేరుగ నడువయి. అవి అవసరమైనోళ్ళు విండోస్‌నే ఉంచుకోవాలె. లినక్స్ వేసుకున్నోడు గొప్పోడు, వేసుకోనోడు తక్కువోడు అని మేం చెప్తలేం. 300 రూపాయలకు దొంగ విండోస్ వేయించుకొని వైరస్‌తోటి తిప్పలు పడేకంటే, పనికిరాదన్న మిషన్‌ను పైసా కట్టకుండ నడిపించుకునే దారి ఒకటి ఉన్నదని చెప్తున్నం. అట్లనే అన్ని రిపేర్లూ మనమే చెయ్యలేం. బ్యాటరీ ఉబ్బితే ముట్టొద్దు, పొడవొద్దు, చార్జింగ్ పెట్టొద్దు, అగ్గి పుట్టే ప్రమాదం ఉంటది. బోర్డు నిజంగ కాలితే దుకాణానికే పోవాలె. కానీ ఏం చూసినమో రాసుకొని పోవాలె.

మన గ్రూపుకు మేం అడిగేవి కొన్నే.

ప్రతి హాస్టల్‌ల ఒక నోట్‌బుక్ పెడదాం. ఏ మోడల్, స్క్రీన్ మీద ఏం వచ్చింది, ఏం చేస్తే పోయింది, ఎంత ఖర్చు. మూడు లైన్లు చాలు. సీనియర్లు పాసై పోతరు, నోట్‌బుక్ ఉంటది. దానికి తోడు మింట్ వేసిన పెన్‌డ్రైవ్ ఒకటి, స్క్రూడ్రైవర్ ఒకటి.

గర్ల్స్ హాస్టల్ చెల్లెళ్ళకు ఒక మాట. లాప్‌టాప్ పాడైతే అన్ననో క్లాస్‌మేట్‌నో పిలిచి దుకాణానికి పంపుడు చూస్తున్నం. విప్పుడు, బిగించుడు మీకు రాని పనేం కాదు. మాకు యూఎస్‌బీ టెథరింగ్ ఉపాయం చెప్పింది మీ హాస్టల్ చెల్లెనే.

"అమ్మేయ్" అనే అన్నలకు దండం పెట్టి అడుగుతున్నం: ఆ మాట అనే ముందు ఒక్క ప్రశ్న అడగండి. స్క్రీన్ మీద ఏం ఉన్నది తమ్మీ అని.

ఆఖరికి, అడిగిన తమ్ముడికి. ఈ రాత్రి ఇది చెయ్యి. చార్జర్ తీసెయ్, బ్యాటరీ ఊడేదైతే ఊడదియ్, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టు, తర్వాత చార్జర్ ఒక్కటే పెట్టి ఆన్ చెయ్యి. ఫ్యాన్ తిరుగుతున్నదా? క్యాప్స్ లాక్ నొక్కితే లైట్ వెలుగుతున్నదా? వెలిగితే లోపల లేచినట్టే, తెర దగ్గరనే ఏదో ఉన్నది. ఫోన్ టార్చ్ తెర మీద వాలుగ కొట్టి చూడు, అక్షరాలు మసకగ కనిపిస్తే వెనుక లైటు పోయినట్టు. హాస్టల్ టీవీకి హెచ్‌డీఎంఐ వైర్‌తోటి కలిపి చూడు, టీవీల బొమ్మ వస్తే బోర్డు బాగున్నట్టే. ఏదీ లేకపోతే ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచును రబ్బర్‌తోటి మెల్లగ తుడిచి మళ్ళ పెట్టు. మూత విప్పే ముందు కరెంటు, బ్యాటరీ రెండూ తీసి ఉండాలె. ఏం చూసినవో ఇక్కడనే రాయి, కలిసి చూద్దాం. నీ డిస్క్‌ల విలువైనవి ఏమన్న ఉంటే అది ముందు చెప్పు.

దొరికిన 9 రికార్డింగుల మాటలను మా రూంమేట్ రోజు ఒకింత రాస్తున్నడు. గోండి మాటలు, ఇప్పటికైతే తెలుగు లిపిల. గుంజాల గోండి లిపి 2018ల యూనికోడ్‌ల చేరింది. గూగుల్ వాళ్ళ నోటో ఫాంట్లల్ల దాని ఫాంటు కూడా ఉన్నది. అది వేసుకున్నంక, ముందు ఖాళీ డబ్బాలు కనబడ్డ చోట అక్షరాలు కనిపించినయి. అందుకే ఆ లిపిల కూడా రాయాలని నేర్చుకుంటున్నడు. ఆ ఫైళ్ళు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నయి. నలుగురిల ఎవరు ఏది నొక్కబోయినా మిగిలిన ముగ్గురం "ఆగు, చదువు" అంటం.

మీ ఇండ్లల్ల తాతల, అవ్వల గొంతులు ఫోన్లల్ల ఉంటే ఈ పోస్టు మూసి, ముందు ఇంకో చోట కాపీ పెట్టుకోండి. లాప్‌టాప్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

జై సేవా. జై ఆదివాసీ.